దివిసీమలో గాలపు వేట

ద్వీపమనగానే మన మనస్సు అండమానులకో, మాల్దీవులకో పరుగెత్తుతుంది. ఆ నీలి సముద్రాల మీద గాలం వేసి పెద్ద పెద్ద చేపలను పట్టే వినోదయాత్రలను పత్రికలలో బొమ్మలతో సహా చూస్తుంటాము. పోగలిగినవారు తప్పక పోవచ్చును. కాని మన కృష్ణా జిల్లా పాదాల చెంతనే ఒక ద్వీపమున్నదనీ, మన పెద్దలు దానికి ద్వీపమనియే పేరు పెట్టినారనీ చాలమందికి స్ఫురించదు. దీవి అన్న మాటకు దివి మరొక రూపం. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలగా, ఆ పాయలు ఇరుప్రక్కలా, సముద్రం దక్షిణానా చుట్టుకొన్న నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అక్కడి పెద్ద ఊళ్ళు. నాలుగు రోజుల సెలవు దొరికి, గాలపు వేట మీద మక్కువ ఉన్నవారు అక్కడికి ప్రయాణం ఎట్లు సమకూర్చుకొనవలెనో ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

గాలపు వేట ఒక వినోదమన్న భావం దొరలు మనకు తెచ్చిపెట్టినదని కొందరి నమ్మకం. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ 1653లో గాలపు వేటను గురించి గ్రంథం వ్రాసిన మాట నిజమే. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ మన దేశపు నదులలో గాలపు వేటను గురించి 1873లో పెద్ద పుస్తకమే ప్రకటించినాడు. అయితే వీరందరికంటె ఎన్నో వందల ఏండ్ల ముందే, సుమారు 1130 ప్రాంతంలో, కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే వ్రాసినాడు. ఏ చేపకు ఏ మేత ప్రీతి, గాలం ఎట్లుండవలె, దారం దేనితో పేనవలె అన్న సంగతులు అందులో ఉన్నవి. రాజులమాట అట్లుంచి, కాలువగట్టు మీద కూర్చుండి వెదురు కర్రకు దారం కట్టి, జీలుగు బెండు తేల్చి, వానపామును ఎరగా గ్రుచ్చి జెల్లలు పట్టని పిల్లవాడు మన డెల్టాలో ఏ ఊళ్ళో ఉన్నాడు? కనుక ఈ విద్య మనకు పరాయిది కాదు. మనకు కొత్తగా కావలసినది ప్రణాళిక ఒక్కటే.

ప్రణాళిక అనగానే మనవారు మొదట అంగడికి పోయి రీలూ కర్రా కొంటారు. అది చివర చేయవలసిన పని. మొదట తీయవలసినది గోడకు వ్రేలాడుతున్న పంచాంగం.

సముద్రపు మొగ దగ్గర చేప కదలిక అంతా పోటుపాటుల మీద ఆధారపడినది. పోటుపాటులు చంద్రుని మీద ఆధారపడినవి. చంద్రుడు పంచాంగంలో ఉన్నాడు. అమావాస్యకు, పున్నమికి నీరు ఎక్కువగా పొంగి, ఎక్కువగా తీస్తుంది. అష్టమి ప్రాంతంలో పోటు మందగిస్తుంది. మన తీరంలో పోటు బెంగాలు తీరంలో వలె నిలువెత్తున లేవదు. కాని నేల పళ్ళెంవలె చదునుగా ఉన్నందున కొద్దిపాటి పోటు కూడ పాయలలో మైళ్ళకొలది లోపలికి ప్రాకుతుంది. సరిగా అమావాస్యనాడో పున్నమినాడో పోతే నీటి వడి ఎక్కువై బురద లేస్తుంది, ఎర చేపకు కనిపించదు. అష్టమినాడు పోతే నీరు కదలదు, చేపా కదలదు. కనుక అమావాస్య, పున్నములు దాటిన తదియ, చవితి, పంచమి తిథులను ఎన్నుకొమ్మని నా సలహా. నీటిలో వడి ఇంకను ఉంటుంది, బురద మాత్రం కొంత పేరుతుంది.

వేళ సంగతికి వస్తే లెక్క సులువు. ఈ దినం ఉదయం 8 గంటలకు పోటు నిండితే, రేపు సుమారు 8 గంటల 50 నిమిషాలకు నిండుతుంది. దినానికి రెండు పోటులు. ఒకదానికీ తరువాతి దానికీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఒక్కరోజు వేళ తెలిసినదంటే సెలవు దినాలన్నింటికి కాగితం మీద వేసికొనవచ్చును. ఇప్పుడు చేతి ఫోనులలోనే ఆ పట్టికలు దొరుకుతున్నవి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. పట్టికలో ఉండే వేళ సముద్రపు రేవుది. మొగ వద్ద నిండిన పోటు లోపలి రేవులను చేరడానికి ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమో నాగాయలంక రేవులోని సరంగు చెప్పినట్లు ఏ పట్టికా చెప్పలేదు.

ఇక ఋతువు. ఎండకాలపు సెలవులలో పోదామని చాలమందికి తోస్తుంది. రోహిణి కార్తె ఎండలో నడి పాయలో పడవ మీద కూర్చుండటం వినోదమని నేను అనలేను. అదీగాక ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు తూర్పు తీరమంతటా యంత్రపు పడవలు, మోటారు పడవలు సముద్రంలో వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం విధించిన విరామం అది. బెస్తవాడు కడుపు కట్టుకొని వల ఆరవేసికొన్న ఆ రోజులలో, వినోదం కోసమని పట్నవాసి గాలం పట్టుకొని దిగటం మర్యాద కాదు. వానకాలంలో ప్రకాశం ఆనకట్ట తలుపులు లేపితే పాయల నిండా ఎర్రనీరు. ఆశ్వయుజ కార్తికాలు తుపానుల నెలలు. కార్తికంలో చేప ముట్టని ఇండ్లు మనలో చాల ఉన్నవి కదా; ఈ ఒక్క విషయంలో ఆచారమూ వాతావరణమూ ఒకే మాట చెబుతున్నవి.

తుపాను మాట వచ్చినది గనుక అక్కడ కొంచెం ఆగవలె. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమకు ఏమి జరిగినదో ఈ ప్రసంగం వినే ఇండ్లలో పెద్దవారికి చెప్పనక్కరలేదు. సముద్రం లేచి ఊళ్ళ మీదుగా నడిచిపోయినది. సర్కారు లెక్కలలోనే మృతులు పదివేల ప్రాంతం. అంతకు పూర్వం 1864లో బందరు అట్టి ఉప్పెననే చూచినది. 1990లో మే 9న, 2023లో డిసెంబరు 5న వచ్చిన తుపానులు కూడ ఈ కృష్ణా తీరాన్నే ఒరసికొనిపోయినవి. అంటే మే నెలలోనూ, డిసెంబరు మొదటి వారంలోనూ సైతం ఏమరుపాటు పనికిరాదన్నమాట. "మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని హెచ్చరిక" అన్న వాక్యం మేము రేడియోలో చదివినప్పుడు, అది ఎవరో బెస్తవారికి చెప్పినదని విని ఊరుకొంటాము. గాలం పట్టుకొని పడవ ఎక్కిన ప్రతివాడూ ఆ దినానికి మత్స్యకారుడే. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం సముద్రపు స్థితిని గురించి ఏ రోజుకారోజు సూచనలు ఇస్తున్నది. మచిలీపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగురవేసినారని విన్న తరువాత, బాడుగకు ఇచ్చిన బయానా పోతుందని ఆలోచించరాదు.

ఇవన్నీ తీసివేయగా డిసెంబరు ఉత్తరార్ధం నుండి ఫిబ్రవరి చివరి వరకు మిగులుతుంది. సంక్రాంతి సెలవులు ఆ మధ్యనే వస్తున్నవి. మాఘ పూర్ణిమకు మాత్రం హంసలదీవి సాగరసంగమంలో స్నానాలకు జనం క్రిక్కిరిసి వస్తారు. ఆ రెండుమూడు దినాలు స్నానానికి పోవలెగాని గాలానికి పోరాదు.

ఏ చేప కోసం పోతున్నామో ఇప్పుడు చెబుతాను. మొగ నీళ్ళలో గాలపు వేటగానికి రాజువంటి చేప పండుగప్ప. బెంగాలీలు భేట్కి అంటారు, ఆస్ట్రేలియావారు బర్రాముండి అంటారు. దాని కోసమే ఆ దేశపు ఉత్తర తీరానికి జనం దూరదూరాల నుండి పోతారు. ఉప్పునీటిలో పుట్టి, పిల్లగా ఉన్నప్పుడు పాయల వెంట తీపినీటికి ఎగబ్రాకి, ఈడు వచ్చిన తరువాత మరల మొగకు దిగివచ్చే చేప ఇది. నీరు తీసే వేళ, మడచెట్ల వేళ్ళలోనుండి చిన్న చేపలు, రొయ్యలు పాయలోనికి కొట్టుకొని వచ్చేచోట, మునిగిన మొద్దు చాటునో మలుపులోనో కదలక పొంచి ఉంటుంది. కనుక పోటు నిండి నీరు తిరిగిన తరువాతి రెండు గంటలు బంగారం వంటివి. చిన్న పాయ పెద్ద పాయలో కలిసేచోట ఎర వేయవలె. గాలం తగలగానే నీటి మీదికి ఎగిరి తల విదిలిస్తుంది. దాని మొప్ప రేకు అంచు కత్తివలె ఉంటుంది. దారం కొనను రెండడుగుల మేర మోటు దారం ముడివేయకపోతే తెగిపోవటం ఖాయం. చేతితో మొప్ప క్రింద పట్టబోతే వ్రేళ్ళు తెగుతవి.

ఈ చేపలో ఒక విశేషమున్నది. చాల పండుగప్పలు మొదట మగవిగా ఉండి, కొన్ని ఏండ్లు పెరిగిన తరువాత ఆడవిగా మారుతవి. మీటరు దాటిన చేపలలో ఎక్కువ భాగం ఆడవే. అట్టి ఒక్క తల్లి లక్షలకొలది గ్రుడ్లు పెడుతుంది. అందుచేతనే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రంలో మొగ నీళ్ళలో 58 సెంటీమీటర్లకంటె చిన్నదానిని, 120 సెంటీమీటర్లకంటె పెద్దదానిని ఉంచుకొనరాదని చట్టం చేసినారు. తూర్పు తీరంలో నవంబరు 1 నుండి ఫిబ్రవరి 1 వరకు అసలు పట్టనే రాదు. చిన్నదానిని విడువమంటే మనకు అర్థమవుతుంది. పెద్దదానిని విడువమంటే మనస్సు ఒప్పదు. పెద్ద చేపతో ఫొటో తీయించుకొనటం కోసమే గదా ఇంతదూరం వచ్చినది! ఫొటో తీయించుకొనండి. తడిచేతులతో, చేపను అడ్డంగా రెండు చేతుల మీద ఉంచి, ఒక్క నిమిషంలో ముగించి, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి నీటిలో నిలిపి, అదే తోక ఆడించినప్పుడు వదలండి. గాలపు ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కివేసి ఉంచితే ఊడదీయటం సులువు.

వదలివేస్తే పడవవాడు నవ్వడా అని ఒక సందేహం. నవ్వవచ్చును. ఆ చేప వెల ఆయన ఇంటికి కొన్ని దినాల బత్తెం. మనకు ఆటగా ఉన్నది ఆయనకు జీవితం. ఈ భేదాన్ని మరచి చేసే యాత్ర ఏదైనా నాకు రుచించదు. అందుకని బేరంలోనే సంగతి తేల్చుకొనవలె. పడవకు, మనిషికి దినానికి ఇంత అని చేప పడినా పడకపోయినా ఇవ్వవలె. గాలం గొంతులోనో మొప్పలలోనో దిగి బ్రతకదనుకొన్న చేపను, తినదగిన పరిమాణంలో ఉన్న చేపలలో మనకు కావలసినవి ఒకటి రెండు తప్ప తక్కినవాటిని ఆయనకు ఇచ్చివేయవలె. మీటరు దాటిన తల్లిని మాత్రం వదలవలె. వచ్చే ఏటి పిల్లలు ఆయన వలకే వస్తవని చెబితే కాదనడు. వల కట్టిన చోట, మావులు పెట్టిన చోట గాలం వేయరాదన్నది వేరే చెప్పనక్కరలేదు.

మొదటిసారి పోయేవారు నేరుగా మొగకు పోక గుడివాడలో ఒక దినం ఆగటం మంచిది. విజయవాడ నుండి రైలు మార్గం అక్కడ చీలి ఒకటి బందరుకు, ఒకటి భీమవరం వైపు పోతుంది. గుడివాడ నుండి కైకలూరు వరకు, కొల్లేటి చుట్టూ, చేపల చెరువులు అద్దాలు పరచినట్లు కనిపిస్తవి. బొచ్చె, శీలావతి వాటిలో పెరుగుతవి. ఇప్పుడు కొన్ని చెరువులలో పండుగప్పను కూడ పెంచుతున్నారు. ప్రతి చెరువుకూ ఒక యజమాని ఉన్నాడు. ఊరి చెరువైతే పాట పాడినవారికో, మత్స్యకారుల సహకార సంఘానికో హక్కు ఉంటుంది. అడిగి, తూకానికి ఇంత అని మాట్లాడుకొని కూర్చుంటే, తవుడు ముద్ద ఎరగా బొచ్చె మీద చేయి సాధనవుతుంది. పిల్లలకు గాలం విసరటం నేర్పడానికి ఇంతకంటె నిరపాయమైన చోటు లేదు. కాలువలలో కొరమీను కూడ గాలానికి వస్తుంది; అయితే ఎర్రని పిల్లల గుంపు నీటిమీద ఉండగా చూస్తే అక్కడ గాలం వేయకండి. తల్లిదండ్రులు క్రిందనే కాపలా ఉంటవి.

రెండవ దినం బందరు. ఊరి పేరులోనే మచిలీ ఉన్నది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వచ్చి కోఠీలు పెట్టిన రేవు అది. వేటగానికి అక్కడ చూడవలసినది గిలకలదిండి చేపల రేవు. పడవలు వచ్చే వేళకు పోయి, ఏమి దించుతున్నారో, ఏ వైపు నుండి తెచ్చినారో ఊరక నిలబడి చూస్తే, ఆ వారంలో ఏ చేప తిరుగుతున్నదో తెలిసిపోతుంది. బందరు లడ్డూ సంగతి నేను చెప్పకపోయినా మరువరు. రైలు బందరుతో ఆగిపోతుంది. అక్కడి నుండి బస్సులో చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, ఆపైన నాగాయలంక.

దివిసీమలో ప్రతి నీరూ గాలం వేయదగిన నీరు కాదు. సొర్లగొంది, నాచుగుంట ప్రాంతాల మడ అడవులు 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోనివి. అటవీశాఖవారి అనుమతి లేక అందులో ప్రవేశించరాదు. చూడడానికి అనుమతి ఇచ్చినారంటే వేటకు ఇచ్చినారని అర్థం కాదు. అక్కడ గాలం అక్కరలేని వేటకాడు ఒకడున్నాడు. బావురు పిల్లి అంటారు. పాయ అంచున కూర్చుండి పంజాతో చేపను కొడుతుంది. దాని పొలిమేరలోనికి మనం పోకుండుటే న్యాయం. శీతకాలపు రాత్రులలో సముద్రపు ఒడ్డుకు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టవస్తవి. ఆ ఇసుక మీద దీపాలు, మంటలు కూడదు. హద్దు ఎక్కడున్నదో పడవ ఎక్కకముందే అడిగి తెలుసుకొనవలె.

గాలం పట్టని ఇంటివారికి ఈ నాలుగు దినాలు విసుగు పుట్టకుండ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, హంసలదీవి వేణుగోపాలుడు, దారిలో పెడన కలంకారీ అద్దకం, కూచిపూడి ఉండనే ఉన్నవి. అయినా ఒక్కమాటు చేప లాగిన లాగుడు చేతికి తెలిసిన తరువాత గృహిణి కర్రను యజమానికి తిరిగి ఇస్తుందని హామీ ఇవ్వలేను.

సామగ్రికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఏడడుగుల కర్ర, మధ్యరకం రీలు, మోటు దారం కొంత, సీసపు గుండ్లు, రెండు మూడు బొమ్మచేపల ఎరలు, పటకారు. ప్రతి మనిషికి ఒక తేలుడు చొక్కా. పడవలో లేకపోతే వెంట తీసికొనిపోవలె. తలకు గుడ్డ, త్రాగడానికి కావలసినంత మంచినీరు. జెల్ల ముల్లు గ్రుచ్చుకొంటే విషమెక్కి సలుపుతుంది, కాబట్టి దానిని ఒట్టిచేతితో ముట్టరాదు. లోతులేని నీళ్ళలో దిగితే కాళ్ళెత్తి వేయక ఈడ్చుకొంటూ నడవవలె. ఇసుకలో పడుకొన్న టేకు చేప ఆ సవ్వడికి తప్పుకొంటుంది. దారపు ముక్క ఒక్కటి కూడ నీటిలో పారవేయకండి, కొంగల కాళ్ళకు చుట్టుకొంటుంది.

ఎర విషయంలో అందరూ చివరి నిమిషంలో తొందరపడతారు. బ్రతికిన రొయ్యలను మించిన ఎర పండుగప్పకు లేదు. అవి కావలెనంటే ముందునాటి సాయంకాలమే సరంగుతో చెప్పి, డబ్బు ఇచ్చి, గంపను నీటిలోనే కట్టి ఉంచమనవలె. తెల్లవారి పోయి అడిగితే రేవులో ఉన్నవన్నీ అప్పటికే లారీ ఎక్కి ఉంటవి.